కూర్చున్న నీరు

పులియాంతోపులో ఏడో వీధి. పొద్దున ఏడున్నర.
మెడలో కార్పొరేషన్ కార్డు, చేతిలో తెల్ల గరిటె,
చంకలో టార్చిలైటు.
"అమ్మా, తొట్టి చూడాలి" అని తమిళంలో అంటాను.
లోపల తెలుగులో వచ్చే మాట వేరు:
ఎన్నాళ్ళ నుంచి కూర్చున్నాయి ఈ నీళ్ళు?

అది మా అవ్వ మాట.
"ఏరు నడిచినన్నాళ్ళు మాకు జ్వరం తెలీదు పాపా,
అది కూర్చున్నాకే వచ్చింది" అనేది సుంకులమ్మవ్వ.
కృష్ణకి పీట వేసినవాళ్ళలో
మా తాత ఓబులేసు ఒకడు.
శ్రీశైలం కట్ట దగ్గర కంకర మోసి
కూలి డబ్బులతో పాటు చలిజ్వరం తెచ్చుకున్నాడు.

రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడింటికి,
మాట ఇచ్చినట్టు వచ్చేదట.
మూడు కంబళ్ళు కప్పి, పైన అవ్వ పడుకునేదట
వణుకు ఆపడానికి.
ఆయనతో పాటు మంచం, మంచంతో పాటు ఆమె
వణికీ వణికీ, నవ్వు వచ్చేదట ఇద్దరికీ.
ఆఖరికి కడుపులో బల్ల లేచింది.
చిన్నదాన్ని, నిజం బల్లే అనుకున్నాను.
దాని మీద ఎవరు కూర్చునేవాళ్ళవ్వా అని అడిగాను.
చెవి మెలిపెట్టింది.

గేట్లెత్తితే నీళ్ళు వెనక్కి తగ్గేవి.
బురదలో గేదెల గిట్టల గుంటలు మిగిలేవి.
ఒక్కో గిట్టలో ఒక్కో బుల్లి రిజర్వాయరు.
వాటిని ఏ ఇంజనీరూ కాగితం మీద గీయలేదు.
అవతల మిషన్లు తిరిగి
ఎక్కడో పట్నాల్లో ఫ్యాన్లు తిరిగేవి.
తాత తల దగ్గర కిరసనాయిలు బుడ్డి,
వేపాకు పొగ.

బల్లతోనే పోయాడు తాత. తర్వాత ఊరూ మునిగింది.
అవ్వ, మా నాన్న చెయ్యి పట్టుకుని మద్రాసు రైలెక్కింది.
పదిహేనేళ్ళకి ఆ నీళ్ళే
కాలవ పట్టుకుని, పూండి దాటి, పుళల్ దాటి
ఆమెని వెతుక్కుంటూ వచ్చాయి.
కొళాయి కింద దోసిలి పట్టి చూసుకుని
"వచ్చినావా" అంది.
తాగలేదు ఆ పూట.

ఈ వీధికి కొళాయి రోజు విడిచి రోజు.
(జ్వరం లాగే. ఆ మాట పైకి అనను.)
అందుకే గడపగడపకీ నీలం డ్రమ్ము,
గడపగడపకీ ఒక కూర్చున్న ఏరు.

మూడో అంతస్తులో కనకవల్లి పాట్టి.
మూత తీసి టార్చి కొట్టాను.
తలకిందులుగా వేలాడితే డెంగీ పురుగు,
నీటి మీద బోర్లా పడుకుంటే మలేరియా పురుగు.
పడుకున్నవే. లెక్కపెట్టాను, తొమ్మిది.
మనిషిని అంత వణికించేది
ఇంత నిమ్మళంగా పడుకుంటుందా!

రూలు ప్రకారం పారబొయ్యాలి.
ఆవిడ డ్రమ్ము అంచు మీద రెండు చేతులూ వేసింది.
బిడ్డ తల మీద వేసినట్టు.
"ఎల్లుండి దాకా ఇవే" అంది.
కింద ఇన్‌స్పెక్టర్ ఇళంగోవన్ హారన్ కొడుతున్నాడు.

ఆవిడ పాత చీర నాలుగు మడతలు వేశాం.
డ్రమ్ములోంచి బిందెల్లోకి వడగట్టాం, పదకొండు బిందెలు.
కొబ్బరిపీచుతో డ్రమ్ము అడుగు దాకా తోమాను,
గుడ్లు అంచుకే అంటుకుంటాయి కొన్నిటివి.
మళ్ళీ బిందెల్లోంచి డ్రమ్ములోకి.
ఆ కాసేపూ ఆ గదిలో నీళ్ళు లేచి నడిచాయి,
చప్పుడు చేస్తూ.
పాట్టి చీర కుచ్చిళ్ళు, నా చెప్పులు, రెండూ తడిశాయి.
మూత మీద గుడ్డ కట్టి తాడు బిగించాను.

రిజిస్టరులో రాశాను:
పురుగు ఉంది. నీళ్ళు పారబోశాం.
పదకొండేళ్ళ ఉద్యోగంలో మొదటి అబద్ధం ఇది అంటే
అదీ అబద్ధమే.

మేడ మీదికెళ్ళి చీర మడతలు విప్పాను.
ఎండకి సిమెంటు అప్పుడే కాలుతోంది.
ఒక్కొక్కటీ మెలికలు తిరిగి ఆగిపోయింది.
వంగి లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను.

ఎనిమిదే ఉన్నాయి.