కాటా చీటీల వెనక

మంగంపేటలో ముగ్గురాయి తూకం రాసేవాణ్ని.
లారీ ఎక్కుతుంది, అంకె పడుతుంది, చీటీ చింపుతాను.
పాడైన చీటీల వెనక
మూడు నెలలు కూచుని ఒక నాటకం రాశాను.
ప్రపంచ న్యాయస్థానం. ఒకటే అంకం.

ఆడేవాళ్లకు అర్దళం కొనే పని పడలేదు.
మిల్లులో రెండో షిఫ్టు దిగినోళ్లు
మొహాలు తెల్లగా వేసుకునే వచ్చారు.
కనురెప్పలు దులుపుకుంటే చాలు,
ఎవరు ఏ దేశమో తెలిసిపోతుంది.

స్టేజీ అంటే వెనక తలుపు దించిన ట్రాలీ.
పక్కన జనరేటరు. దాని స్విచ్చికి
అయిదు పెద్ద దేశాలకని అయిదు తాళ్లు కట్టాం.
నచ్చని మాట వినపడితే ఎవరైనా లాగొచ్చు,
దీపం ఆరుతుంది.
ఈ నిబంధన నా కల్పన అనుకునేరు,
పేపర్లో చదివిందే.

మొదటి సాక్షి రాయి.
రోజూ తట్టకెత్తే పెంచలమ్మే ఆ వేషం కట్టింది.
"నన్ను పొడి చేసి, బురదలో కలిపి
యెవురిదో సముద్రం అడుగున, యెవురిదో నూనె బాయిలో దింపినారు.
మూడు దేశాలు దాటినా, యాడా ఒకరన్నా ఆపల్యా.
నా కాయితాలన్నీ సరిగ్గా ఉండాయంట.
ఆ నీళ్లెవురివో, ఆ నేలెవురిదో
నాకు యెవురూ చెప్పల్యా..."

లైటు ఆరింది.
తాడు చెంగల్రాయుడి చేతిలో ఉంది. జనం నవ్వారు.
మళ్లీ వెలిగింది. రెండో సాక్షి నోరు తెరిచేలోపు మరో తాడు.
మూడోసారికి నవ్వు పలచబడింది.
నాలుగోసారి చీకట్లో ఎవరో దగ్గుతున్నారు,
మిల్లు దగ్గు, నేను రాయని దగ్గు.
దాన్ని ఆపే తాడు ఎవరి దగ్గరా లేదు.

న్యాయమూర్తి మస్తాన్‌బీ, సంచులు కుట్టే మనిషి.
కువైట్లో ఏడేళ్లు ఇంటిపని చేసి వచ్చింది.
రెండు దేశాల నడుమ చట్టం ఎక్కడుంటుందో
మా అందరిలో ఆమెకే తెలుసు:
కఫీలు పడకగదిలో, బీరువా రెండో సొరుగులో,
తన పాస్‌పోర్టు పక్కన.
తీర్పు నాలుగు చీటీల నిండా రాసిచ్చాను,
మానవాళి, మనస్సాక్షి, అట్లాంటి మాటలు.
కొంగున ముడేసుకుంది.

లేచి, అయిదుగురి ముందుకు పోయి
చెయ్యి చాపింది.
"మీ పాస్‌పోర్టులు ఇట్లియ్యండి."
వాళ్లు నావైపు చూశారు. నేను జనరేటరు వైపు చూశాను.
"నా కాడుంటే బద్రంగా ఉంటాయి," అంది,
ఎవరి గొంతో తన గొంతులోకి తెచ్చుకుని.
పాస్‌పోర్టులెక్కడివి? జేబుల్లో ఉన్నవి మిల్లు గేటు పాసులు.
అవే ఇచ్చారు.
ఖాళీ సంచిలో వేసి మూతి కుట్టడం మొదలుపెట్టింది,
ఎగుమతి కుట్టు, విప్పాలంటే కొయ్యాల్సిందే.
తాడు లాగారు. చీకటి.
సూది గోనెలో దిగే చప్పుడు ఆగలేదు.
"లాగుకోండి నాయినా.
చీకట్లో పని నాకు కొత్త గాదు."

పొద్దున ఆరింటికి గేటు దగ్గర
అయిదు పెద్ద దేశాలు చేతులు కట్టుకుని నిలబడ్డాయి.
పాసు లేనిదే వాచ్‌మన్ రెడ్డప్ప వదలడు.
"అది గాదన్నా, రాత్రి నాటకంలో..." అని మొదలుపెట్టి
సిగ్గేసి ఆగిపోయాడు చెంగల్రాయుడు.
సగం రోజు కూలి పోతుంది, నిజంగానే.

ఏడున్నరకు ఆమె వచ్చింది, సంచి చంకన పెట్టుకుని.
గేటు వైపు తలైనా తిప్పకుండా
సంచి తెచ్చి నా కాటా మీద పెట్టింది.
"తూకం రాయి."
అరవై టన్నుల కాటా.
అయిదు దేశాలకు కలిపి సున్నా దాటలేదు.
ఆమె ఎక్కి పక్కన నిలబడింది.
నలభై కిలోలు.

చీటీ చింపి ఇచ్చాను. వెనక్కి తిప్పి చూసి
నాకే తిరిగిచ్చింది.
"రాత్రిది చెప్పల్యా గదా. ఇప్పుడు చెప్తా, రాసుకో."
పెన్ను మూత తీశాను.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
వెనక, కృష్ణపట్నం ఓడకు పోవలసిన లారీలు
వరసగా హారన్లు కొడుతున్నాయి.