ముప్పై ఎనిమిదో సైజు

బూరుల్చా కొట్టు ఒక ఇనప కంటైనర్.
కింద బేరం, పైన సరుకు.
బిష్కెక్‌లో నవంబరు సగమైంది,
మంచు ఇంకా పడలేదు.
బొచ్చు బూట్లు అట్టపెట్టెల్లో
కాళ్లు ముడుచుకుని కూర్చున్నాయి.

పొద్దున్నే ఆమె ఆకాశం చూస్తుంది,
ఆ తర్వాత
డబ్బు మార్చే కొట్టు బోర్డు మీద రూబుల్‌ని.
మాస్కోలో ఎవరి మొగుడో తాపీ కింద పెడితే
ఇక్కడ ఒక జత కదలదు.
ఈ లెక్క ఆమెకు
పెట్టెల మీది దుమ్ము నేర్పింది.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది.
ముప్పై ఎనిమిది అడిగింది, తొడుక్కుంది,
రేకు నేల మీద నాలుగడుగులు వేసింది,
నవ్వింది కూడా.
ధర విని
"మంచు పడనీ, చూద్దాం" అంది.
మడమలరిగిన పాత జోళ్లలోకి
మళ్లీ దిగి వెళ్లిపోయింది.
పిసినారిది, అనుకుంది బూరుల్చా.

సాయంత్రం తాళం వేసి
చక్కెర బస్తాల ముందు నిలబడింది.
రెండు కిలోలనబోయి
ఒకటి అంది.
తూకం వేస్తున్నవాడి పెదవులు
ఏదో అనుకున్నట్టే కదిలాయి.

బస్సు అద్దం మీద
తెల్లగా ఒక మరక.
గబుక్కున వేలితో తుడిచింది.
లోపలి వైపే,
తన ఊపిరే.