పచ్చి కట్టె

జడ్చర్ల పాత బజారుల
జిరాక్సు దుకాణం మీద రేకుల గది నాది.
మా అవ్వ సోది చెప్తుంటె
ముంగట చాట, చాటల బియ్యం, చేతిల బెత్తం.
నా చేతిల డెబ్బై ఎనిమిది బొమ్మలు.
కొరియరుల వచ్చినయి,
వాటెంబడి సన్నటి పుస్తకమొకటి.
ఫ్యానుకు ఎగరకుండ తాళంచెవి పెడుత.

మక్కల సీజను.
బాదేపల్లి గంజిల కాంటాలు బందైనంక
అంజిలయ్య వచ్చిండు, హమాలీల మేస్త్రి.
ఎడమ భుజం కుడిదానికన్న రెండు వేళ్ళు కిందికి,
చెవులల్ల పొట్టు, కనుబొమ్మలకు పొట్టు.
నిలబడే అడిగిండు:
"చిలుక లేదా?"

లేదన్న. నువ్వే ఒకటి తియ్యమన్న.

పది కట్టెలు.
వంగిన మనిషి.
దూరంగ ఒక ఊరు.

దీనికేం చెప్పాల్నో నోటికొచ్చు నాకు:
శక్తికి మించి మోస్తున్నవు, కొంత దించుకో,
బాధ్యత నలుగురికి పంచు.
నేను నోరు తెరిచేలోపల
ఆయన బొమ్మను కిటికీ వెలుగుకు పట్టి
ముల్లు చూసినట్టు చూస్తున్నడు.

"వీడు కొత్తోడు.
మొకం కట్టెలల్ల పెట్టుకుంటె తొవ్వ ఎట్ల కనబడుతది?
సుట్టబట్ట లేదు, నడుముకు తువ్వాల లేదు.
బరువు వీపు మీదికి రావాలె,
రొమ్ముకు ఆనిన బరువు ఊపిరిని తింటది.
సరే, ఎత్తినోడేడి?
ఇన్ని కట్టెలు ఎవ్వడూ ఒక్కడే ఎత్తుకోలేడమ్మా.
ఎవడో చెయ్యేసిండు.
చెయ్యేసి, బొమ్మల్లకెల్లి వెళ్ళిపోయిండు."

కింద మిషను ఎవరిదో పాసుబుక్కును
తీసి తీసి పడేస్తున్నది.

"ఇగో, ఇది చూసినవా"
అని గోరుతోని చూపిండు, ఇన్నేండ్లల నాకు ఆననిది.
కట్టెలకు చిగుర్లున్నయి.
"పచ్చి కట్టె. కొట్టినెంటనే ఎత్తుకున్నడు పిచ్చోడు.
నాలుగొద్దులు ఎండల పారేస్తె నీళ్ళు పోవు?
సగం బరువు సూర్యుడే మోసేటోడు.
ఆగలేకపోయిండు."

తను ఆగిండు.
తర్వాత, నాకు కాదు, బొమ్మకు చెప్పినట్టు చెప్పిండు.

"మా కుర్మయ్య పోయి పదకొండొద్దులు.
వాని అప్పుకు జామీను సంతకం నాది.
దింపుడు కల్లం కాడ పాడె దించి
చెవుల పేరు పెట్టి పిలువుమన్నరు.
కుర్మిగా అని మూడుసార్లు పిలిచిన.
రెండోసారి పిలుచుకుంటనే
కిస్తీ తారీఖు ఎన్నొద్దులున్నదో లెక్క పెట్టిన.
చూడమ్మా,
ఈ పదింట్ల అది ఏ కట్టె?"

పుస్తకంల దానికి పేజీ లేదు.
అవ్వయితె అరచేతిల బెత్తం ఆనించి
కొండదేవరను పిలిచేది,
కొండదేవర పలికిందో లేదో గాని
అవ్వ పలికేది.
నేను ఆయన మాటనే ఆయనకిచ్చిన:
"పచ్చిగున్నది గదనే, ఇప్పుడే తూకం వెయ్యకు."

నవ్విండు.
ముందటి పండ్ల నడుమ కూడ పొట్టు.
"అది ఎండేదాంక కిస్తోడు ఆగుతడా?"

నూరు అంటె ఎనభై ఇచ్చిండు.
హమాలీ రేటు పెరిగిననాడు మిగిలింది ఇస్తనన్నడు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు
ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ.

రాత్రి బొమ్మలన్ని దగ్గరికి తీస్తుంటె
ఒక్కటి వేళ్ళకు అంటుకున్నది.
చెమట తడి, అంచుకు మక్కపొట్టు.
ఊదలేదు.
పొద్దుగాల ఎండ పడే మూలకు
కిటికీ గట్టు మీద పెట్టి,
గాలికి పోకుండ
తాళంచెవి పెట్టిన.