వెనకాల పాట

ఆదోని పాత బస్టాండు కాడ
మద్దిలేటి సెల్లు అంగడి.
కొత్త చట్టమొస్తాదంట, పేపర్లో ఏసినారు:
ఎవరిదైనా పాట ఉంటే
వీడియో ఎగిరిపోతాదంట, నెట్టు కోసేస్తారంట.

ఉరుకుందమ్మ ఫోను చాపింది.
"మా చెల్లెలిది ఇదొకటే మిగిలిండేది."
జిన్నింగు మిల్లు గేటు, నలభై సెకన్లు,
తల్లో దూది పింజలతో
ఏదో చెప్పబోయి నవ్వేసింది ఆ పిల్ల.
వెనకాల టీ బంకులో ఏదో సినిమా పాట.

"ఆ పాట తీసేయి నాయనా,
అది మాది కాదులే.
నవ్వొకటి ఉంటే సాలు."

మద్దిలేటి చెవి ఆనించి మూడుసార్లు విన్నాడు.
నవ్వూ పాటా ఒకే నూలుగా వడికినట్టుండాయి,
యాడ లాగినా రెండూ తెగుతాయి.

"ఇంతకీ దొంగెవరప్పా, నేనా, టీ బంకోడా?"

జవాబు లేదు.
చిన్న కార్డులోకి ఎక్కించిచ్చినాడు.
కొంగున ముడేసుకుని
మిల్లు సైరనుకు పరిగెత్తింది.