ఇంగ రోంత

పీణ్య రెండో స్టేజీలో
ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందులో మా షెడ్డు.
రేకుల మీద వాన మొదలైతే
గ్రైండర్ ఏదో వాన ఏదో తెలియదు.

నా మొదటి ఉద్యోగం పేరు హెల్పర్.
పని పేరు పట్టుకోవడం.

మద్దిలేటి మేస్త్రి కుడిచేతికి మూడు వేళ్లు లేవు.
పవర్ ప్రెస్సు వాటిని తీసుకున్న ఏడాదికి
నేనింకా హిందూపురంలో ఎక్కాలు అప్పజెబుతున్నాను.
మిగిలిన బొటనవేలూ చూపుడువేలూ ఆకురాయి పిడిని పట్టేవి,
ఎడమ అరచెయ్యి కొసను నొక్కేది.

బెంచీకి బిగించిన పాత వైసు ఉంది,
నిటారుగా పట్టడం తప్ప దానికేమీ తెలియదు.
మాకొచ్చేవేమో పంపు రెక్కలు, అచ్చుల మూలలు,
ఒక్కటీ నిటారుగా పుట్టింది కాదు.
అందుకని నేను.

"రోంత వొంచు మే."
వంచేదాన్ని.
"ఇంగ రోంత."
వంచేదాన్ని.
"ఆఁ. కదలాకు."

కదలకుండా ఉండటం ఎంత పనో
చేసినవాళ్లకే తెలుసు.
ముక్కు మీద ఈగ వాలుతుంది.
రజను ఎగిరి రెప్ప మీద పడుతుంది.
మణికట్టులో సన్నగా ఒక వణుకు బయల్దేరి
వేళ్లు దాటి లోహం దాకా పోతుంది,
అక్కడ గీత తప్పుతుంది.
తప్పిన గీతను ఆయన ఏమీ అనడు.
ఊదుతాడు, వేలితో తడుముతాడు, మళ్లీ మొదలుపెడతాడు.
తిట్టినా బాగుండేది.

పొద్దున బస్సులో రోజూ ఎవరో ఒకరు
"స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు.
జరుగుతాను.
బస్సులో స్వల్ప, షెడ్డులో రోంత,
గదిలో ముగ్గురి చాపల మధ్య ఒక పక్కకి.
నిద్రలో కూడా మోచెయ్యి ఏదో ఏటవాలుగా ఉండేది.

నాలుగు ఆదివారాలు మేస్త్రి షెడ్డు మూయలేదు.
గుజరీలో తూకానికి కొన్న ఇనుప గుండు,
ఏ ట్రాక్టరు వెనక ట్రాలీని లాగి లాగి అరిగిందో.
దాన్ని లేతులో ఎక్కించి నున్నగా తీశాడు.
దానికి రెండు చిప్పలు,
చిప్పల్ని బిగించడానికి ఒక పిడి,
పైన రెండు దవడలు.
దవడల లోపల తన పాత చెప్పుల తోలు కోసి అంటించాడు.
"మెత్తటిదాన్ని గట్టిగా పట్టాలంటే
నడాన ఇంగో మెత్తటిది ఉండాల."
ఆయన నోట నేను విన్న అతి పొడుగు మాట అదే.

పిడి వదులు చేస్తే గుండు ఎటైనా తిరుగుతుంది,
నేలకి, రేకులకి, క్యాలెండర్లో వెంకన్నకి,
గుమ్మం బయట లోటాలు కడిగే టీ పిల్లాడికి.
పిడి బిగిస్తే
ఎటు చూస్తూ ఉందో అటే ఆగిపోతుంది.
ఆ రోజు దాని మీదా ఈగ వాలింది.
అది కదల్లేదు.

సాయంత్రం నా జీతం లెక్క వేసుకున్నాను,
ఎన్ని రోజులు వచ్చాను, ఎంత రావాలి.
చేతులు కడుక్కున్నాక
వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక నించున్నాను.

ఆయన బెంచీ అరలోంచి ఒక ఆకురాయి తీశాడు.
దానికి కొత్త చెక్క పిడి.
ఆ పిడి నావైపు ఉండేట్టు చాపి
"ఇంగ నువ్వు రుద్దు" అన్నాడు.
"పట్టేదానికి అదుంది కదా."

మొదటి వారం మూడు రెక్కలు పాడు చేశాను.
ఒకటి ఇప్పటికీ నా సంచిలో ఉంది,
ఎందుకో అడిగితే చెప్పలేను.
ఊదాను, వేలితో తడిమాను, మళ్లీ మొదలుపెట్టాను.
బస్సులో జరగమంటే ఇప్పుడూ జరుగుతాను
చంకలో పిల్ల ఉన్నవాళ్లకి.
మిగతావాళ్లకి పిడి బిగించుకుని కూర్చుంటాను.

నెలాఖరు. వోచరు మీద మేస్త్రి సంతకం.
రెండు వేళ్ల మధ్య పెన్ను,
ఎడమచేతిలో ఇంకా సగం టీ,
ఫ్యాను గాలికి కాగితం మూల లేస్తోంది.
ఎవరూ అడగలేదు.
వెళ్లి మూల నొక్కి పట్టాను.

తల ఎత్తకుండానే అన్నాడు,
"ఇంగ రోంత."