ముల్లు

"జీరో చూసుకోండి మేడం" అంటాడు బంకు కుర్రాడు.
నేను జీరో చూడను.
పక్కనున్న ధరనే చూస్తాను,
నిన్నటి మీద ఎనభై పైసలు.

ఐదొందలు కొట్టిస్తే
ముల్లు లేచి కూచుంటుంది,
నిలబడదు.

విజయనగరంనించి మానాపురం, పోనూ రానూ.
ఎనిమిదింటి బస్సు ఎప్పుడొస్తుందో దానికే తెలీదు.
ముఖం చూపించాల్సిన యాపు మాత్రం
తొమ్మిదికి కళ్ళు మూసుకుంటుంది.
అందుకే నా పాత ఆల్టోలో నలుగురం.

ఏసీ మానేసి చాన్నాళ్ళయింది.
దిగుడు రోడ్డు కనిపిస్తే న్యూట్రల్‌ చేసి
ఊపిరి బిగబడతాం, నలుగురం,
అదేదో మేమే దిగుతున్నట్టు.

వాటా పద్దెనిమిదొందలు.
ఇకమీద ఇరవైరెండని చెప్పడానికి
చంపావతి వంతెన దాటేదాకా నోరు రాలేదు.

కాంట్రాక్టు నర్సు చిన్నమ్మడు
సంచిలోంచి జాంకాయలు తీసింది,
ముక్కలు కోసి, ఉప్పూకారం పొట్లం విప్పి
అందరికీ పెట్టింది, నాకు రెండు.
"రేపట్నించి నాను బస్సుకెల్లిపోతానండి."
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పేస్తుందని భయం.

నలుగురు మోసేది ముగ్గురం మోస్తున్నాం.
లెక్కేస్తే వాటా మళ్ళీ పెరిగింది.
వెనకసీటు మాస్టారు
కిటికీలోంచి జీడితోటలు చూస్తున్నాడు,
ఎప్పుడూ చూడనట్టు.

గజపతినగరం దాటాక బస్సు కనిపించింది.
ఫుట్‌బోర్డు మీద ఆ సంచే.
హారన్‌ మీదికి వెళ్ళిన చెయ్యి
ఊరికే వెనక్కొచ్చింది.
ఓవర్‌టేక్‌కి ఎంత తాగుతుందో చూసుకుని
బస్సు వెనకే ఉండిపోయాను.

బడి దగ్గర ఆపి చూస్తే
సీటు కుట్టులో ఎర్రగా
నిన్నటి ఉప్పూకారం.