మిల్లు చెయ్యి

పంతొమ్మిదేళ్ళు రింగ్ ఫ్రేమ్ ముందు నిలబడ్డాను.
తెగిన పోగును కన్ను మూసి తెరిచేలోగా
బొటనవేలితో, చూపుడువేలితో అతికేదాన్ని.
షిఫ్టుకి ఎనిమిది వందల అతుకులు.
ఒక్క పోగూ నేను పుట్టించలేదు.

ఈ సంగతి మిల్లు గేటుకి తాళం పడ్డాక తెలిసింది,
సంగడిగుంటలో కాశింబీ నా చేతిలో తకిలీ పెట్టి
"ఏదీ, తియ్యి చూద్దాం" అన్నప్పుడు.

తీశాను. ఏకు తునిగింది.
మళ్ళీ తీశాను. మళ్ళీ తునిగింది.
తకిలీ గచ్చు మీద దొర్లి దొర్లి
మంచం కిందికి పోయి దాక్కుంది.
గోడకి వాళ్ళాయన దూదేకిన విల్లు, నారి ఊడిపోయి,
నోరు తెరిచి నన్నే చూస్తోంది.
"లాగమాకమ్మాయ్. లాగితే దూదికి భయం.
పురి ముందు నడవాలి, చెయ్యి దాని వెనక పోవాలి."

వేసవంతా తెంపాను.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందా
పేటంతా ఒకటే తుమ్ములు.
తుమ్మినప్పుడల్లా నాకు బారెడు నూలు నష్టం.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, కరెంటు లేదు,
వేళ్ళ సందున చిన్న చేప కదిలినట్టు
పురి పైకి పాకింది.
నేను చెయ్యి వదిలాను. అది వదల్లేదు.
జానెడు. మూరెడు. ఇంకా వస్తోంది.
కాశింబీ చూసింది,
ఏమీ అనకుండా టీ పెట్టడానికి లేచింది.

అప్పట్నించీ పీచు కనపడితే చాలు, నా వేళ్ళు ఊరుకోవు.

మాచర్ల నుంచి కోసిన చేలల్లో మంద కట్టడానికొచ్చిన
గురవయ్య నాలుగు గుప్పిళ్ళ ఉన్ని ఇచ్చాడు.
రెండ్రోజులు అన్నం ముద్దలో కూడా గొర్రె వాసన.
ఉన్ని దూదిలాగా బతిమాలించుకోదు,
ఒకే దుప్పట్లో పడుకున్న పిల్లల్లాగా
ఒకదాని కాలు ఒకటి పట్టుకునే ఉంటుంది.
పురి కాస్త తగ్గినా ఏమీ అనుకోదు.

గోగు అనుకుంటుంది.
ఆకు జాడీలోకి పోయాక
కాడ కాలవలో పద్దెనిమిది రోజులు కుళ్ళి ఇచ్చిన నార.
ముక్కుకి కొంగు కట్టుకుని దువ్వాను.
పొడి వేళ్ళతో ముట్టుకుంటే ముళ్ళపందిలా లేస్తుంది.
పక్కన గిన్నెడు నీళ్ళు, తడిసిన వేళ్ళు,
బొటనవేలి మీద ఎర్రటి గీత.
ఆ దారాన్ని తెంచాలంటే మాత్రం కత్తిపీట ఎక్కాలి.

కొల్లిపర అరటినార పట్టులా మెరిసి మోసం చేసింది.
వంగమంటే వంగదు, అలకపాన్పు మీది అల్లుడు.

ఇక బూరుగు.
మూడు రోజులు దాంతో కూర్చున్నాను.
పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు,
ఊపిరి తగిలితే లేచి
ఎదురింటి వాళ్ళ ఇడ్లీ పిండి మీద వాలుతుంది.
వాళ్ళు వచ్చి అరిచి వెళ్ళారు కూడా.
"వదిలెయ్ దాన్ని," అంది కాశింబీ,
"అది నిద్ర కోసం పుట్టింది.
అన్నిట్నీ పనిలోకి దించమాక."

పంతొమ్మిదేళ్ళలో ఏ మేస్త్రీ
నాతో ఇలాంటి మాట అనలేదు.
ఆ బూరుగంతా ఏరి, పాత లంగా గుడ్డలో కుట్టి
తల కింద పెట్టుకున్నాను.
తెల్లారి పాలవాడు తలుపు కొట్టి కొట్టి పోయాడట.

ఇప్పుడు మేకుకి నాలుగు చిలపలు వేలాడుతున్నాయి.
ఎవరు కొంటారని కాశింబీ మనవడి ప్రశ్న.
కొంటారో లేదో, ముందు చూడనీ.
మొదటి నూలు చిలప తీసి ఇచ్చాను,
ఎక్కడెక్కడ అతికానో నాకే కనపడటం లేదు.

ఆమెకి చూపు ఆనదు.
కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతూ,
బారలు బారలు దాటుతూ పోయి
ఒకచోట ఆగింది.

"ఇదిగో," అంది, "ఇక్కడ తుమ్మావు."